పలువరుసకి వయసుతో పనేముంది?

నలభై అడుగుల తెర మీద కథానాయిక నవ్విందనుకోండి, ఒక్కో పన్ను చేటంత కనిపిస్తుంది! చెవి కాస్త పెద్దదైతే జుట్టు కప్పేస్తుంది. ముక్కు కాస్త వంకరైతే కెమెరామన్ లైటు తిప్పి సర్దేస్తాడు. పళ్ళ దగ్గర మాత్రం ఎవరి ఆటలూ సాగవు. నోరు తెరవకుండా డైలాగు చెప్పే నటుడు ఇంకా పుట్టలేదు కదా! అందుకే కాబోలు, మన కుర్రకారు అద్దం ముందు నిలబడితే తల దువ్వుకోవడం అయ్యాక, ఆఖర్న పెదవి ఎత్తి పలువరుస చూసుకుని, ఓ నిట్టూర్పు విడిచి మరీ బయటికొస్తారు.

ఈ వారం ముచ్చట ఆ నిట్టూర్పు గురించే. కారణం ఓ ఉత్తరం. గోదావరి జిల్లా నుంచి ఓ చెల్లాయి రాసింది. పేరూ ఊరూ వెయ్యొద్దంది, వెయ్యను. విషయం మాత్రం చిత్తగించండి.

"అన్నయ్యగారూ, నాకు ఇరవై నాలుగేళ్ళు. డిగ్రీ అయింది. రెండు షార్ట్ ఫిల్ముల్లో వేశాను. పోయిన నెల హైదరాబాదులో ఆడిషన్‌కి వెళితే, 'మొహం బావుంది, గొంతు బావుంది, ఆ ఎత్తుపళ్ళ సంగతి చూసుకుని నలభై రోజుల్లో మళ్ళీ రా' అన్నారు. మా టౌన్లో ఒక క్లినిక్కులో అడిగితే ముందరి ఆరుపళ్ళూ అరగదీసి క్యాపులు వేస్తాం, రెండు సిట్టింగుల్లో అయిపోతుంది అన్నారు. అమ్మ తన గాజులు తాకట్టు పెడతానంటోంది. ఇంకో డాక్టరుగారేమో నోట్లోకి చూసి, 'నాలుక ఎక్కడ పెట్టుకుంటావమ్మా?' అని వింతగా అడిగి, క్లిప్పులు వేసుకోవాలి, రెండేళ్ళు పట్టొచ్చు అన్నారు. మా అత్తయ్య 'క్లిప్పులు బళ్ళోకెళ్ళే పిల్లలకి గానీ పెళ్ళీడు పిల్లకా!' అని నవ్వింది. ఏం చెయ్యమంటారు?"

చదివారుగా. నలభై రోజులా, రెండేళ్ళా? అమ్మ గాజులా, అత్తయ్య నవ్వా? నేను పళ్ళ డాక్టర్ని కాను, పేపర్ల మీద బతికే వాణ్ణి. కానీ ముప్ఫై ఒకటో ఏట క్లిప్పులు వేయించుకుని, ఇరవై రెండు నెలలు వాటితోనే తిని, వాటితోనే పడుకుని, వాటితోనే నలుగురినీ ఇంటర్వ్యూలు చేసినవాణ్ణి. ఆ కుర్చీలో పడుకున్నన్నాళ్ళూ పైనున్న లైటుతో పాటు డాక్టర్ల ప్రాణం కూడా తిని అడిగి తెలుసుకున్న సంగతులు కొన్ని ఉన్నాయి. వరసగా చెబుతాను.

ముందు అత్తయ్యగారి సందేహం. ఇరవై నాలుగేళ్ళకి పన్ను కదులుతుందా? శుభ్రంగా కదులుతుంది. పన్ను దవడ ఎముకలో మేకు దిగ్గొట్టినట్టు ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సుమారు పావు మిల్లీమీటరు మందాన ఓ నారపొర ఉంటుంది. క్లిప్పు తీగ పన్నుని మెల్లగా ఒకవైపు నెడితే, నొక్కుకున్న వైపు ఎముకని కరిగించే కణాలు పనిలోకి దిగుతాయి. వదులైన వైపు ఎముకని కట్టే కణాలు దిగుతాయి. ముందు గోడ పడగొడుతూ వెనక గోడ కట్టుకుంటూ ఇల్లే జరిగినట్టన్నమాట! నెలకి ఓ మిల్లీమీటరు, అటూ ఇటూగా. ఈ మేస్త్రీలు పదమూడేళ్ళకీ ఉంటారు, యాభై మూడేళ్ళకీ ఉంటారు. పెద్దయ్యాక పని మొదలెట్టడానికి కాస్త ఆలస్యం చేస్తారు, అంతే.

హాలీవుడ్ టామ్ క్రూజ్ 2002లో, నలభయ్యో పడికి అటూ ఇటూగా ఉన్నప్పుడు, పళ్ళకి క్లిప్పులతోనే కెమెరాల ముందుకొచ్చాడు. అప్పటికే ప్రపంచమంతా మెచ్చిన నవ్వు ఆయనది! ఆయన సిగ్గుపడలేదు, మనమెందుకు పడాలి?

అయితే పెద్దవాళ్ళకి రెండు షరతులున్నాయి. ఒకటి, చిగుళ్ళు గట్టిగా ఉండాలి. చిగుళ్ళ జబ్బు, గార, పొగ అలవాటు ఉన్న నోట్లో తీగ బిగిస్తే పన్ను జరగడం మాట అటుంచి, ఊడే ప్రమాదం. ముందు చిగుళ్ళ వైద్యం, తర్వాతే క్లిప్పులు. రెండోది, పిల్లల దవడ ఇంకా పెరుగుతుంటుంది గనక ఆ పెరుగుదలని మళ్ళించవచ్చు. మన దవడ పెరగడం ఆగిపోయింది. తేడా పళ్ళలో ఉంటే క్లిప్పులు చాలు. దవడ ఎముకే మరీ ముందుకో వెనక్కో ఉంటే క్లిప్పులతో పాటు ఆపరేషన్ కూడా కావలసి రావచ్చు. ఏది పళ్ళ తేడా, ఏది ఎముక తేడా అన్నది ఎక్స్‌రేలు తీసి కొలతలు వేస్తేగానీ తేలదు. అద్దంలో చూసి మనం తేల్చేది కాదు.

అసలింతకీ పళ్ళ డాక్టరు చూసేది మన నవ్వుని కాదు, మన కాటుని! పైపళ్ళూ కిందిపళ్ళూ కలుసుకునే తీరుని. 1899లో అమెరికాలో ఎడ్వర్డ్ ఏంగిల్ అనే ఆయన దీన్ని మూడు తరగతులుగా విడగొట్టాడు. పైనున్న మొదటి పెద్ద దవడపన్ను కిందిదాని మీద ఎలా కూర్చుంది అన్నదే ఆయన లెక్క. సరిగ్గా కూర్చుని, ముందుపళ్ళు మాత్రం ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఒకటో తరగతి. కిందివరస వెనక్కి ఉండిపోతే రెండో తరగతి, ఎత్తుపళ్ళవాళ్ళు ఎక్కువమంది ఇందులోనే. కిందివరస ముందుకొస్తే మూడో తరగతి. నూటపాతికేళ్ళు దాటినా ఇప్పటికీ డాక్టర్లు ఆ భాషే మాట్లాడుకుంటారు. సినిమా హాల్లో నేల, బెంచీ, బాల్కనీ లాంటివి కావండోయ్ ఈ తరగతులు! ఏదీ గొప్పా కాదు, తక్కువా కాదు.

కాటు తప్పితే వచ్చే తంటాలు నవ్వులో కనిపించవు, విస్తరి దగ్గర కనిపిస్తాయి. ముందుపళ్ళు కలవనివాళ్ళకి నూడుల్స్ తెగవు, సమోసా అంచు తెగదు, పక్కపళ్ళతో పీకాలి. పైపళ్ళు కిందిపళ్ళని మరీ కప్పేస్తే కిందివి అంగిట్లో గుచ్చుకుంటాయి. పన్ను మీద పన్ను ఉన్నచోట బ్రష్షు దూరదు, పుచ్చు దూరుతుంది. ఎత్తుపళ్ళవాళ్ళు బండి మీంచి పడితే ముందు విరిగేవి అవే. ఇవీ వైద్యానికి అసలు కారణాలు. అందం కొసరు.

ఇప్పుడు ఆ డాక్టరుగారి వింత ప్రశ్నకొద్దాం. నాలుక ఎక్కడ పెట్టుకుంటావు? చెల్లాయికి వింతగా తోచిందిగానీ ఈ కథలో అసలు విలన్ని పట్టించే ప్రశ్న అదే.

ఇది చదువుతూ చదువుతూ ఒక్క క్షణం ఆగి చూసుకోండి. నోరు మూసుకుని ఊరికే కూర్చున్నప్పుడు నాలుక కొస ఎక్కడుంది? పై ముందుపళ్ళకి కాస్త వెనకగా అంగిలికి ఆనుకుని ఉంటే సరే. పళ్ళ మధ్యకి దూరి ఉంటేనో, పళ్ళని నెడుతూ ఉంటేనో ఆలోచించాల్సిందే. రోజుకి వందలసార్లు గుటక వేస్తాం. ఆ క్షణకాలపు తోపు కన్నా, గంటల తరబడి పళ్ళకి ఆనుకుని పడుకున్న నాలుకే ఎక్కువ పని చేస్తుంది. క్లిప్పు తీగది కూడా అదే రహస్యం, బలం కాదు, వదలకుండా ఉండడం. రెండేళ్ళు తీగ కష్టపడి వెనక్కి తెచ్చిన పళ్ళని, తీగ తీసేశాక నాలుక మళ్ళీ మెల్లమెల్లగా ముందుకి తోసేస్తుంది. హీరో ఎంత కొట్టినా క్లైమాక్స్ తర్వాత విలన్ లేచొచ్చినట్టు!

నాలుక ఒక్కటేనా? ముక్కు మూసుకుపోయి రాత్రంతా నోటితో గాలి పీల్చేవాళ్ళు ఉన్నారు. వీళ్ళు ముందు ముక్కు డాక్టరు దగ్గరికెళ్ళాలి. చిన్నప్పటి బొటనవేలి చప్పరింత నిద్రలో ఇప్పటికీ వదలనివాళ్ళు ఉన్నారు. నవ్వకండి, చదువుకున్నవాళ్ళలోనూ ఉన్నారు, చెప్పుకోలేక బాధపడుతుంటారు. సస్పెన్స్ సీను రాగానే గోళ్ళు కొరికేవాళ్ళు, పెన్ను మూతలు నమిలేవాళ్ళు, కింది పెదవిని పైపళ్ళ కింద నొక్కిపట్టేవాళ్ళు, కుట్టుపని చేస్తూ దారం పంటితో తెంపేవాళ్ళు, జడపిన్నులు పంటితో విప్పేవాళ్ళు, హీరోలా కనిపించాలని సీసామూత పంటితో లాగేవాళ్ళు... ఇందులో మీరెవరో మీరే చూసుకోండి. అన్నీ పళ్ళని జరపవు. కొన్ని అరగదీస్తాయి, కొన్ని విరగ్గొడతాయి.

రాత్రిళ్ళు పటపటా పళ్ళు కొరికే అలవాటు ఇంకొకటి. పక్కనున్నవాళ్ళు చెబితేగానీ తెలీదు. దానికి పళ్ళ మధ్య పెట్టుకునే గార్డు ఉంది. పగటిపూట కూడా కోపంలోనో కంగారులోనో దవడ బిగించేవాళ్ళకి డాక్టర్లు చెప్పే మంత్రం ఒకటుంది: పెదాలు కలిసి, పళ్ళు విడిగా. అవునండీ! ఊరికే ఉన్నప్పుడు పైపళ్ళకీ కిందిపళ్ళకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. అవి కలవాల్సింది నమిలేటప్పుడూ, మింగేటప్పుడే.

అలవాటు ఎలా పోతుంది? తిడితే పోదు, పెద్దవాళ్ళకి తిట్టేదెవరు గనక! నాలుకకి కసరత్తు ఉంది. నాలుక కొసని అంగిట్లో సరైన చోట ఆనించి, పళ్ళు కలిపి, పెదాలు బిగించకుండా గుటక వెయ్యడం. రోజూ, నెలల తరబడి. కావలసినవాళ్ళకి నాలుక ముందుకి రాకుండా పళ్ళ వెనక చిన్న తీగకంచె కూడా పెడతారు. ఇందులో పెద్దవాళ్ళకో సుళువు ఉంది, పిల్లలకి వాళ్ళమ్మ గుర్తు చెయ్యాలి, మనకి మనమే చేసుకోగలం.

మాట సంగతి కూడా చెప్పాలి, తెరమీదికి రావాలనుకునేవాళ్ళు అడుగుతారు గనక. త, ద, న లాంటి అక్షరాలని మన వ్యాకరణం వాళ్ళు దంత్యాలన్నారు. చలిలో 'చ', జడలో 'జ' కూడా దంత్యాలే. అంటే పళ్ళూ నాలుకా కలిసి పుట్టించే ధ్వనులు. ముందుపళ్ళ మధ్య సందులోంచి నాలుక జారితే 'స' పలకబోయి ఇంకేదో పలుకుతాం, మైకు దాన్ని అస్సలు దాచదు. కానీ పళ్ళు సర్దినంత మాత్రాన మాట దానంతటదే సర్దుకుంటుందని హామీ లేదు. నోటికి పాత అలవాటు ఉంటుంది. స్పీచ్ థెరపీ దగ్గర సాధన చెయ్యాల్సిందే.

ఇక రెండు సిట్టింగుల మ్యాజిక్. విరిగిన పన్నుకీ, రంగు పోయిన పన్నుకీ క్యాపు మంచి వైద్యమే, దాన్ని నేను కాదనడం లేదు. కానీ ముందుకొచ్చిన ఆరోగ్యమైన పళ్ళని లోపలికి ఉన్నట్టు కనిపించేలా చెయ్యాలంటే బాగా చెక్కాలి. పంటి పైనున్న ఎనామిల్ జుట్టూ కాదు, గోరూ కాదు, పోతే మళ్ళీ రాదు. చెక్కుడు లోతైతే నరం తీసి రూట్ కెనాల్ చెయ్యాల్సి రావచ్చు. క్యాపులకీ ఆయుష్షు ఉంది. ఇరవై నాలుగో ఏట వేయించుకుంటే జీవితంలో ఒకటికి రెండుసార్లయినా మార్చుకోవాలి, ప్రతిసారీ ఖర్చు, ప్రతిసారీ కింద మిగిలిన పన్ను ఇంకాస్త తగ్గడం. పోనీ ఇంత చేశాక నాలుక ఊరుకుంటుందా? అది ఎప్పట్లాగే తోస్తూ ఉంటుంది, దానికి కింద పన్నుందో క్యాపుందో తెలీదు.

ఇంతకన్నా ప్రమాదమైన చిట్కాలు ఫోన్లలో తిరుగుతున్నాయి. ముందుపళ్ళ సందు మూయడానికి రెండు పళ్ళకీ కలిపి రబ్బరుబ్యాండు వేసుకోమంటారు. పన్ను చిగురు దగ్గర వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా ఉంటుంది కదా, బ్యాండు మెల్లగా జారి చిగురు లోపలికి దూరిపోతుంది, కంటికి కనపడదు. వేరు చుట్టూ ఉన్న ఎముకని తినేస్తుంది. సందు మూసుకోవడం కాదు, రెండు పళ్ళూ ఊడి చేతికొచ్చిన కేసులు డాక్టర్ల పుస్తకాల్లో ఉన్నాయి. దయచేసి ఆ పని చెయ్యకండి.

అమెరికాలో స్మైల్ డైరెక్ట్ క్లబ్ అని 2014లో ఓ కంపెనీ వెలిసింది. క్లినిక్కుకి రానక్కర్లేదు, ఇంట్లోనే పళ్ళ అచ్చు తీసి పంపిస్తే ప్లాస్టిక్ తొడుగులు పార్సిల్లో వస్తాయంది. 2023 డిసెంబరులో తలుపులు మూసేసింది. సగం వైద్యంలో ఉన్నవాళ్ళ గతి ఏమిటో ఊహించుకోండి. పన్ను జరుగుతున్నంతకాలం చిగురునీ వేరునీ చూసే డాక్టరు ఎదురుగా ఉండాలని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఎందుకు?

క్లిప్పులు బయటికి కనిపిస్తాయనేగా బెంగ! దానికీ దార్లున్నాయి. పంటిరంగు సిరామిక్ క్లిప్పులున్నాయి. పళ్ళ వెనకవైపు అంటించే క్లిప్పులున్నాయి. 1970లలో జపాన్‌లో ఫుజిటా అనే డాక్టరు మార్షల్ ఆర్ట్స్ చేసేవాళ్ళ పెదాలు తెగకుండా ఉండాలనీ, అమెరికాలో క్రేవెన్ కర్జ్ అనే డాక్టరు పదిమందిలో పనిచేసే పెద్దవాళ్ళకి కనిపించకుండా ఉండాలనీ ఎవరికి వారే ఆ దారి పట్టారు. పారదర్శకమైన తొడుగులు, అవే ఎలైనర్లు, 1997లో కంపెనీ పెట్టి తెచ్చినవాళ్ళలో ఒకరైన జియా చిష్తీ కూడా పెద్దయ్యాక క్లిప్పులు వేయించుకున్నవాడే. అన్ని కేసులకీ అన్నీ పనికిరావు. తొడుగులు రోజుకి ఇరవై రెండు గంటలు పెట్టుకోవాలి. తీసి జేబులో వేసుకునేవాళ్ళకి అవి దండగ.

ఇక రోజువారీ బాధలు. మొదటి వారం పెరుగన్నమే పరమాన్నం. బుగ్గలు గీసుకుపోతే పెట్టుకోడానికి మైనం ఇస్తారు. జంతికలు, చేగోడీలు, చెరుకుముక్క, మొక్కజొన్న పొత్తు కట్! ఇంటర్వెల్లో పాప్‌కార్న్ కూడా కట్! పప్పులో పసుపు తగిలితే క్లిప్పుకి కట్టిన తెల్లరబ్బరు సాయంత్రానికి బంగారమైపోతుంది. మళ్ళీ డాక్టరు దగ్గరికెళ్ళేదాకా ఆ బంగారు నవ్వుతోనే తిరగాలి. నేనయితే నాలుగు నెలలకి అలవాటుపడ్డాను, చూసేవాళ్ళు నాలుగు రోజులకే అలవాటుపడ్డారు. క్లిప్పులు తీసిన రోజు శతదినోత్సవం అనుకోకండి, అది ఇంటర్వెల్ మాత్రమే. జరిగిన పళ్ళకి పాతచోటు మీద మమకారం పోదు. రిటైనర్ అనే తొడుగు మొదట ఎక్కువసేపు, తర్వాత రాత్రిళ్ళు, ఏళ్ళ తరబడి పెట్టుకోవాలి.

సరే, చెల్లాయికి నా జవాబు. అమ్మ గాజులు అమ్మ చేతికే ఉండనీ. క్యాపుల జోలికి ఈ నలభై రోజుల్లో పోవద్దు. ఒకసారి చెక్కితే వెనక్కి రాలేని దారి అది, క్లిప్పుల దారి ఏ మలుపులోనైనా ఆగి ఆలోచించుకోగలిగింది. నాలుక గురించి అడిగిన ఆ డాక్టరుగారి దగ్గరికే మళ్ళీ వెళ్ళు. ఆయన ఆర్థోడాంటిక్స్‌లో ఎం.డి.ఎస్. చేశారా, ఎక్స్‌రేలు తీస్తారా, పళ్ళేవైనా తీయాలా, మొత్తం ఖర్చెంత, రిటైనర్ ఖర్చు అందులో కలిసిందా అని నదురూబెదురూ లేకుండా అడుగు. డబ్బు ఇబ్బందైతే హైదరాబాదు, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో పీజీ విద్యార్థులు చేస్తారు, తిరగాల్సొస్తుంది గానీ ఖర్చు తగ్గుతుంది.

ఆడిషన్‌కి మాత్రం ఆ నలభయ్యో రోజున వెళ్ళు. ఇవే పళ్ళతో! వైద్యం మొదలెట్టానని చెప్పు. మొహం, గొంతు బావున్నాయన్నవాళ్ళకి నిజంగా నువ్వు కావాలంటే ఆగుతారు. లేదూ, క్లిప్పులున్న పాత్రే రాసుకుంటారు. 2003లో హిందీ టీవీలో మొదలైన 'జస్సీ జైసీ కోయీ నహీ'లో మోనా సింగ్ పళ్ళకి క్లిప్పులతోనే ఇంటింటికీ చుట్టమైంది కదా! ఆగకపోతే, ఆరు పళ్ళు చెక్కించుకుని మరీ పరిగెత్తాల్సినంత గొప్ప వేషమేమీ నిన్ను దాటిపోలేదనుకో.

అసలు సరిచేయించుకోకపోతే కొంప మునుగుతుందా అనేవాళ్ళకి ఇంకో ముక్క. మన పంచ్‌గనిలో చదువుకున్న జాంజిబార్ కుర్రాడు ఫ్రెడీ మెర్క్యురీకి పై దవడలో నాలుగు పళ్ళు ఎక్కువ. ముందుపళ్ళు పొడుచుకొచ్చేవి. గొంతు ఎక్కడ మారిపోతుందోనని ఆయన వాటి జోలికి పోలేదు, ప్రపంచం ఆయన పాటే విన్నది. ఆయన పాత్ర వెయ్యడానికి రామీ మాలెక్ 2018లో కట్టుడుపళ్ళు పెట్టుకుని, 2019లో ఆస్కార్ పట్టుకెళ్ళాడు. తినడానికీ, మాటకీ, శుభ్రానికీ ఇబ్బంది లేకపోతే వంకరపన్నుతో హాయిగా బతకొచ్చు. ఇబ్బంది ఉంటే ఏ వయసులోనైనా సరిచేయించుకోవచ్చు. ఎదుటివాడి గడువు కోసం మాత్రం వద్దు.

వచ్చేవారం మరో ముచ్చటతో కలుద్దాం. అందాకా గోళ్ళు కొరక్కండి, నాలుక మీద ఓ కన్నేసి ఉంచండి, పళ్ళెలా ఉన్నా సరే, నవ్వు మాత్రం ఆపకండి!